మంగు, నల్లబడిన చేతులు, వీపు మీద బొబ్బలు: ఈసారి ఉత్తరాలన్నీ ఎండ మీదే

ఈసారి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజులూ ముందరేసుకుని కూర్చుంటే చాలావరకు ఎండ గోలే అండి. అందుకని మిగతావి పక్కన పెట్టేసి ఈ నెల ఇవే చూద్దాం. ఒక్క మాట ముందు చెప్పేస్తాను. మన గోదావరి డెల్టా ఉన్నది సుమారు పదహారున్నర డిగ్రీల అక్షాంశం దగ్గర, అంటే ఏడాదిలో రెండుసార్లు, మే మొదటి వారంలో ఒకసారి ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి, మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, కరెంటు స్తంభం నీడ దాని మొదట్లోనే ముడుచుకుని ఉంటుంది. మే సంగతి అందరికీ తెలుసు. ఆగస్టుని ఎవరూ లెక్కచెయ్యరు, మబ్బు పట్టింది కదా, చల్లగా ఉంది కదా అని, సార్వా ఊడ్పులేమో ఇంచుమించు ఆ రోజుల్లోనే. పల్చటి మబ్బైతే దాంట్లోంచి అల్ట్రావయొలెట్ (ఎండలో కంటికి కనపడని కిరణాలు) 80 శాతం దాకా కిందకి దిగిపోతుంది. వేడి ఒంటికి తెలుస్తుంది, అల్ట్రావయొలెట్ తెలీదు, అక్కడే మనం మోసపోతాం.

ఇంక ఉత్తరాలు.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర, వయసు 36. రెండో బాబు కడుపులో ఉన్నప్పుడు బుగ్గల మీద మంగు వచ్చింది, పుట్టాక పోతుందన్నారు పోలేదు. మెడికల్ షాపతను ఒక ట్యూబ్ ఇచ్చాడు, పదిహేను రోజుల్లో మొహం తెల్లగా వచ్చేసింది, ఏం వాడుతున్నావు అని అందరూ అడిగారు కూడా. రెండేళ్ళ నుంచి అదే వాడుతున్నా. ఇప్పుడు ఒక్క రోజు మానేస్తే మొహం కందిపోయి మంటలు, ఎండలోకెళ్తే భరించలేకపోతున్నా, పైపెదవి మీద వెంట్రుకలొస్తున్నాయి, మంగు ముందుకంటే నల్లగా వచ్చింది. పేరు వెయ్యొద్దండి.

జవాబు: పేరు వెయ్యను గానీ అమ్మా, మీ ఉత్తరం కింద సంతకం పెట్టగలిగేవాళ్ళు మీ వీధిలోనే ఇంకో నలుగురు ఉంటారు. మీరు ట్యూబ్ పేరు రాయలేదు, అయినా మీరు చెప్పిన లక్షణాలు చూస్తే అందులో స్టెరాయిడ్ ఉందనే అనుకుంటున్నా. ఇలా అమ్మేవాటిలో ఎక్కువగా మూడు మందులు కలిసి ఉంటాయి, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్. ఆ మూడూ మంచి మందులే, మంగుకి మేమూ రాస్తాం, కాకపోతే రాత్రి పూట, మచ్చ మీద మాత్రమే, ఎనిమిది వారాలు అలా, మధ్యలో పిలిచి చూసుకుంటూ. మీరు వాడింది రెండేళ్ళు, మొహం అంతా. మొదట్లో వచ్చిన ఆ తెలుపు సగం స్టెరాయిడ్ మహిమ. తర్వాత అదే స్టెరాయిడ్ చర్మాన్ని ఉల్లిపొరలా పల్చన చేసేస్తుంది, లోపలి సన్న రక్తనాళాలు పైకి కనపడతాయి, మొటిమలు, వెంట్రుకలు, మానేస్తే మంట, మంటకి భయపడి మళ్ళీ రాయడం, ఇదొక తాగుడు అలవాటు లాంటిదే. ఇది ఎంత ఎక్కువైపోయిందంటే మన దేశంలో స్కిన్ డాక్టర్లు దీనికి టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్ అని పేరే పెట్టారు. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు, రూలైతే ఉంది.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఆ ట్యూబ్ పారెయ్యకండి, దాన్ని పట్టుకునే స్కిన్ డాక్టర్ దగ్గరకి వెళ్ళండి, పేరు చదివితేనే స్టెరాయిడ్ ఎంత గట్టిదో తెలుస్తుంది (పేరు చివర సోన్ అనో, సాల్ అనో, సోలోన్ అనో ఉంటే అనుమానించండి, బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ ఇలా). కొందరికి ఒక్కసారే ఆపిస్తాం, కొందరికి తక్కువ పవర్ దానికి మార్చి మెల్లగా దింపుతాం. మానిన మొదటి రెండు మూడు వారాలు మొహం ఎర్రగా ఉంటుంది, పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఉన్నా ఓర్చుకోవాలి, ఒక్కోసారి నెలలు కూడా పడుతుంది. ఆ టైంలో మంట తక్కువ చేసే సాదా మాయిశ్చరైజర్, చన్నీళ్ళ గుడ్డ, గొడుగు, అంతే, శనగపిండి కూడా వద్దు.

మంగు సంగతి ఆ తర్వాత. దానికి కారణం ఒకటి కాదండి, గర్భం, గర్భనిరోధక మాత్రలు, వంశం, వీటన్నిటికీ పైన ఎండ. పైగా మంగుకి అల్ట్రావయొలెట్ ఒక్కటే శత్రువు కాదు, కంటికి కనపడే మామూలు వెలుగు కూడా మన రంగు చర్మంలో దాన్ని నల్లబరుస్తుంది, అందుకే మామూలు సన్‌స్క్రీన్ రాస్తున్నా తగ్గట్లేదండి అంటారు చాలామంది. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, కొంచెం గోధుమ రంగులో ఉండే టింటెడ్ సన్‌స్క్రీన్ అడగండి, ఆ రంగే పని చేసేది. అజెలాయిక్ యాసిడ్ నిదానంగా పనిచేస్తుంది గానీ భయం తక్కువ. ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు ఈమధ్య బాగా రాస్తున్నాం, కాళ్ళలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకి, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకి అవి ప్రమాదం, పక్కింటావిడ చెప్పిందని కొనుక్కోకండి. మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, తగ్గాక కూడా ఎండలో తిరిగితే మళ్ళీ వస్తుంది. మంగు పూర్తిగా పోగొడతాం అని గ్యారంటీ ఇచ్చేవాళ్ళని నేనైతే నమ్మను.

ప్రశ్న: మేడమ్, పెళ్ళి ఇంకా నలభై రోజులుంది. రోజూ స్కూటీ మీద పాలకొల్లు నుంచి భీమవరం వెళ్ళొస్తా. చేతులు మోచేతుల కింద నుంచి కాఫీ రంగు, పైన వేరే రంగు, బ్లౌజ్ వేస్తే ఇద్దరు మనుషుల చేతులు అతికించినట్టు ఉంది. నిమ్మచెక్క మీద పంచదార వేసి రుద్దుకుని కాసేపు ఎండలో నిలబడమని ఒక వీడియోలో చూశా. చెయ్యొచ్చా? పార్లర్‌లో డీటాన్, బ్లీచ్ అంటున్నారు.

జవాబు: వద్దు తల్లీ వద్దు! నిమ్మరసంలో, తొక్కలో సోరలిన్లు అని కొన్ని పదార్థాలుంటాయి, వాటి మీద ఎండ పడితే చర్మం కాలిపోతుంది, ఒకటి రెండు రోజులకి బొబ్బలు, ఆ తర్వాత రసం ఎక్కడెక్కడ కారిందో అక్కడల్లా నల్లటి చారలు, అవి నెలల తరబడి ఉంటాయి. నిమ్మరసం పిండి చెయ్యి కడుక్కోకుండా ఎండలో పనిచేసినవాళ్ళకి కూడా వస్తుంది ఇది. పెళ్ళి ఫోటోల్లో అదా మీకు కావాల్సింది?

టాన్ అంటే మురికి కాదు, రుద్దితే పోవడానికి. ఎండ దెబ్బకి లోపలి కణం తన కేంద్రకం మీద చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌తో గొడుగు పట్టుకుంటుంది, ఆ గొడుగులన్నీ కలిసి మనకి నలుపుగా కనపడతాయి. కింద నుంచి కొత్త చర్మం పైకొచ్చి పాతది రాలిపోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మీకున్నది నలభై రోజులు, లెక్క సరిపోయింది, ఇవాళ్టి నుంచే మొదలెడితే. స్కూటీ ఎక్కేటప్పుడు వేళ్ళు కూడా కప్పే పొడుగు స్లీవ్స్, మెడకి చున్నీ. రాత్రి నియాసినమైడ్ ఉన్న లోషన్, లేదంటే లాక్టిక్ యాసిడ్ కలిసిన బాడీ లోషన్. బ్లీచ్ చేసేది వెంట్రుకల్ని తెల్లబరచడం, అందుకని కాసేపు మెరుపు, కొందరికి దద్దుర్లు కూడా. సున్నిపిండి మెల్లగా పెట్టుకోండి ఏం కాదు, మంగళస్నానానికి అదే అందం, కాకపోతే మెలనిన్ దాంతో ఊడిరాదు. పెళ్ళికి రెండు వారాల ముందు నుంచి కొత్త క్రీము ఏదీ ముట్టుకోవద్దు. ఇంకో మాట, అప్పటికీ కొంచెం తేడా ఉంటే ఉండనీండి, గోరింటాకు ఎలాగూ మోచేతుల దాకా పెడతారు.

ప్రశ్న: ఆయ్, మాది భీమవరం అవతలండి, రొయ్యల చెరువుల మీదే బతుకు. పొద్దున్న మేత, పదకొండింటికి చెక్ ట్రేలు (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళేలు), మళ్ళీ సాయంత్రం మేత. వయసు 34 అంటే ఎవరూ నమ్మట్లేదండి, నలభై అయిదు అంటున్నారు. సన్‌స్క్రీన్ రాస్తే చెమటకి కళ్ళల్లోకి కారి మంట. అసలు మగాళ్ళకి ఇవన్నీ అవసరమా? నీళ్ళ మీద నుంచి ఎండ అద్దంలా కొడుతుందండి, దానికేం చెయ్యాలి?

జవాబు: అవసరమేనండి, చర్మానికి మీసాలు తెలీవు.

నీళ్ళ సంగతి ముందు. కళ్ళకి మెరుస్తుంది కాబట్టి అలా అనిపిస్తుంది గానీ నీళ్ళు వెనక్కి కొట్టే అల్ట్రావయొలెట్ మామూలుగా పది శాతం లోపే, పొడి ఇసుక పదిహేను శాతం దాకా, సముద్రం నురగ ఇరవై అయిదు దాకా. కాబట్టి మిమ్మల్ని ముసలాడ్ని చేసేది చాలావరకు పైనుంచి పడేదే, దాన్ని ఆపేది బట్ట. ట్యూబుల కంటే ముందు బట్ట గురించి చెప్పాలి, అది మా డాక్టర్లు కూడా ఎక్కువ చెప్పరు. మన పొలాల్లో ఊడ్పులకి వచ్చే ఆడవాళ్ళు చీర మీద మొగుడి పాత ఫుల్‌హ్యాండ్ చొక్కా వేసుకుంటారు చూశారా, నాకు తెలిసి అంత చవకైన సన్‌స్క్రీన్ లేదు, చెమటకి కారదు, రెండు గంటలకోసారి రాయక్కర్లేదు. నేత దగ్గరగా ఉండాలి, రంగు ముదురుగా ఉంటే ఇంకా నయం. పల్చటి తెల్ల బనీను తడిసి ఒంటికి అంటుకుపోతే దాంట్లోంచి ఎండ బాగానే దూరుతుంది, గుర్తుపెట్టుకోండి. క్రికెట్ టోపీ నుదురుని కాస్తుంది అంతే, చెవులూ మెడా గాలికి. టోపీ కింద తువ్వాలు వేలాడేసుకోండి, లేదా చుట్టూ అంచున్న టోపీ, అంచు మూడు అంగుళాలైనా ఉండాలి. మా తాత ఎండకీ వానకీ తాటాకు గిడుగే పెట్టుకునేవాడు, ఎనభై ఏళ్ళప్పుడు కూడా ఆయన చెవులు చక్కగా ఉండేవి, ఇప్పుడు గిడుగు పెట్టుకోమంటే మీరు నవ్వుతారు.

టైం మార్చగలిగితే మార్చండి. వాచీ కూడా అక్కర్లేదు, మీ నీడ మీకంటే పొట్టిగా ఉందా, ఎండ గట్టిదని అర్థం. పదకొండింటి చెక్ ట్రే పని తొమ్మిదికో లేకపోతే షెడ్డు నీడలోకి తెచ్చుకునో చూడగలిగితే సగం గొడవ వదిలినట్టే.

ఇంక సన్‌స్క్రీన్, కప్పలేని చోటికి. జెల్ టైపు, వాటర్ రెసిస్టెంట్ అని రాసున్నది తీసుకోండి, కళ్ళ చుట్టూ మటుకు జింక్ ఆక్సైడ్ ఉన్న స్టిక్, అది కారడం తక్కువ, మంట తక్కువ. ఎస్‌పీఎఫ్ 30 అయితే యూవీబీని, అంటే చర్మాన్ని కాల్చే రకం అల్ట్రావయొలెట్ ని, 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98, ఆ ఒక్క శాతం కోసం డబ్బు తగలెయ్యక్కర్లేదు, కాకపోతే మనం ఎలాగూ తక్కువే రాస్తాం కాబట్టి 50 ఉంటే కొంచెం కలిసొస్తుంది. పీఏ పక్కన ప్లస్‌లు మూడైనా ఉండాలి, అది యూవీఏకి, అంటే లోపలిదాకా వెళ్ళి ముడతలు తెచ్చే రకానికి. చూపుడు వేలు, మధ్య వేలు రెండిటి పొడుగునా గీత గీస్తే ఎంతో అంత మొహానికీ మెడకీ. లెక్క చూస్తే 50 గ్రాముల ట్యూబ్ రోజుకి రెండు పూటల చొప్పున నెలలోపే అయిపోవాలి, ఆర్నెల్లు వచ్చిందంటే మీరు రాయట్లేదు, బొట్టు పెట్టుకుంటున్నారు.

కళ్ళు మర్చిపోయా. ముక్కు వైపు తెల్లగుడ్డు మీద నుంచి నల్లగుడ్డు మీదకి కండ పాకడం, చెరువుల మీద, పడవల మీద, పొలాల్లో పనిచేసేవాళ్ళలో కనిపిస్తుంది, ఎండదీ దుమ్ముదీ అందులో పెద్ద వాటా. యూవీ 400 అని రాసున్న కళ్ళజోడు కొనండి. ఉత్త నల్ల అద్దం పెట్టుకుంటే కంటిపాప పెద్దదై ఉన్న కిరణాలు ఇంకా లోపలికి పోతాయి.

ప్రశ్న: మా వాడు 17 ఏళ్ళు, ఫ్రెండ్స్‌తో ఆదివారం అంతర్వేది బీచ్‌కి వెళ్ళి చొక్కా విప్పేసి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆడాడు. రాత్రికి వీపు ఎర్రగా కందింది, తెల్లారేసరికి బొబ్బలు. పేస్టు రాశాం. నల్లగా ఉన్నవాళ్ళకి కూడా ఇలా అవుతుందా?

జవాబు: అవుతుంది. మన మెలనిన్ తెల్లవాళ్ళదానికంటే గట్టి గొడుగే, చిల్లులు లేని గొడుగేం కాదు. మీ ప్రశ్న నాకు చేరి ఇది అచ్చయ్యేసరికి వాడి వీపు పొట్టు కూడా రాలిపోయి ఉంటుంది, వచ్చే ఆదివారం వెళ్ళేవాళ్ళ కోసం రాస్తున్నా.

ఎండ కాలుడు అప్పటికప్పుడు తెలీదు, మూడు నాలుగు గంటలకి మొదలై ఒక రోజుకి ముదురుతుంది. వెంటనే నీడకి, చన్నీళ్ళ స్నానం, తర్వాత తడి గుడ్డ పది పదిహేను నిమిషాల చొప్పున. ఐసు ముక్క నేరుగా పెట్టొద్దు, పేస్టు, సిరా, నెయ్యి ఏవీ వద్దు. కోనసీమలో ఉండి కొబ్బరినూనె వద్దంటే కోపం వస్తుంది గానీ మొదటి రోజు దాన్ని కూడా ఆపండి, వేడి బయటకి పోనివ్వాలి, పొట్టు రాలే దశలో రాయండి బాగుంటుంది. (ఎండకి ముందు రాసుకుంటే కాపాడుతుందనుకోవడం మాత్రం భ్రమ, ఆపేది చాలా తక్కువ.) కలబంద జెల్ లేదా సాదా మాయిశ్చరైజర్, నొప్పికి పారాసిటమాల్, నీళ్ళు మజ్జిగ బాగా. బొబ్బలు చిదపకండి, పై తోలే దానికి కట్టు. జ్వరం, వాంతులు, తలతిరుగుడు, మగతగా ఉండటం, లేదా బొబ్బలు వీపంతా ఉంటే ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి, అది వడదెబ్బ కూడా అయ్యుండొచ్చు.

ప్రశ్న: రాజమండ్రి అమలాపురం రూట్లో బస్సు నడుపుతానండి, ఇరవై ఏళ్ళ సర్వీసు. కుడి చెయ్యి, కుడి చెంప నల్లగా ముడతలు పడ్డాయి, ఎడం వైపు బానే ఉంది. పక్షవాతం లాంటిదేమైనా?

జవాబు: పక్షవాతం కాదు, పక్క కిటికీ. మామూలు కిటికీ అద్దం యూవీబీని ఆపుతుంది, యూవీఏని చాలావరకు వదిలేస్తుంది, మనం అద్దం కూడా తీసేసి మోచెయ్యి బయటపెట్టి నడుపుతాం. అమెరికాలో 28 ఏళ్ళు డెలివరీ ట్రక్కు నడిపినాయన ఫోటో 2012లో ఒక పెద్ద వైద్య పత్రికలో వచ్చింది, అక్కడ స్టీరింగ్ ఎడం వైపు కాబట్టి ఆయనకి ఎడం చెంప మాత్రమే ముడతలు, కుడి చెంప పదేళ్ళు చిన్నది అన్నట్టుంటుంది. కుడి చేతికి స్లీవ్ తొడగండి, ఆ వైపు చెంపకి సన్‌స్క్రీన్. ఉన్న ముడతలకి రాత్రిపూట రెటినాయిడ్ క్రీము కొంత పనిచేస్తుంది, నెలలు పడుతుంది, డాక్టర్ని చూసి మొదలెట్టండి.

ప్రశ్న: నేను మండపేటలో రిటైర్డ్ టీచర్ని, 63. ఈ మధ్య పొద్దున్న తొమ్మిదింటి ఎండకి కూడా ముంజేతులు, మెడ వెనక దురద, నల్లగా మందంగా అవుతోంది. ఇదివరకెప్పుడూ లేదు. మూడు నెలల కింద బీపీ మాత్ర మార్చారు.

జవాబు: మాస్టారూ, కారణం మీరే ఆఖరి వాక్యంలో రాసేశారేమో అనిపిస్తోంది. హైడ్రోక్లోరోథయజైడ్ అనే నీటి మందు (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) చాలా బీపీ మాత్రల్లో కలిపి ఉంటుంది, అది కొందరిలో చర్మాన్ని ఎండకి ఓర్చుకోలేకుండా చేస్తుంది. స్ట్రిప్పు వెనక చదవండి. ఉంటే మాత్రం మీ అంతట మీరు మానొద్దు, బీపీ పెరిగితే దురద కంటే పెద్ద గొడవ, రాసిన డాక్టర్‌కి చూపిస్తే వేరేది మారుస్తారు. డాక్సీసైక్లిన్ బిళ్ళలు, కీళ్ళ నొప్పులకి రాసుకునే కీటోప్రొఫెన్ జెల్ కూడా ఇదే పని చేస్తాయి. ఇది చదివే అమ్మాయిలకి ఒక మాట, ఎండకి రెండు బుగ్గలూ ముక్కు మీదుగా కలిపి ఎర్రగా అవుతూ, కీళ్ళనొప్పులు, జుట్టు ఊడటం, నోట్లో పుళ్ళు కూడా ఉంటే క్రీములతో కాలయాపన చెయ్యకండి, లూపస్‌కి (ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే జబ్బు) రక్తపరీక్ష చేయించుకోవాలి.

ప్రశ్న: మా మామ్మకి ముక్కు పక్కన చిన్న నల్ల పొక్కు, ఏడాదైంది, మానినట్టే ఉండి మళ్ళీ రక్తం వస్తుంది. నొప్పి లేదంటుంది. చూపించాలా? ముమ్మిడివరం.

జవాబు: ఈ నెలలోనే చూపించండి. మన రంగువాళ్ళకి చర్మ క్యాన్సర్ తక్కువ, అసలు రాదని కాదు, నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే ఇక్కడ తప్పు. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు, అదే అయినా ఈ చోట వచ్చే రకం మెల్లగా పాకేది, తీసేస్తే ఎక్కువమందికి నయమైపోతుంది. అరికాలు మీద, గోరు కింద కొత్తగా నల్లమచ్చ వచ్చి పెరుగుతున్నా ఇలాగే వెళ్ళాలి, మనవాళ్ళలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఎక్కువగా అక్కడే వస్తుంది, దానికి ఎండతో సంబంధం కూడా లేదు.

ప్రశ్న: సన్‌స్క్రీన్ రాస్తే డి విటమిన్ పోతుందా? మా పాపకి అయిదో నెల, దానికీ రాయాలా?

జవాబు: మనం రాసే మందానికి డి విటమిన్ ఏం ఆగదు లెండి. తక్కువుంటే మాత్రలున్నాయి, దానికోసం మంగు తెచ్చుకోనక్కర్లేదు. ఆరు నెలల లోపు పిల్లలకి సన్‌స్క్రీన్ వద్దు, నీడా, పల్చటి పొడుగు చేతుల చొక్కా, టోపీ చాలు.

ప్రశ్న: పోయిన వేసవిలో కొన్న సన్‌స్క్రీన్ స్కూటీ డిక్కీలో ఉండిపోయింది, డేట్ ఇంకా ఉంది, తీస్తే నీళ్ళు వేరుగా ముద్ద వేరుగా వస్తోంది. కలిపి వాడొచ్చా?

జవాబు: మే నెలంతా డిక్కీలో ఉడికిందండి అది. పారేసి కొత్తది కొనుక్కోండి, ఈసారి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోండి.